లోపలికి ఒక్కరే

"అది కాదండీ. నేను వాడి తల్లిని. కన్నతల్లిని. ఇంకేం కావాలి మీకు?"

"కార్డు కావాలమ్మా."

పిల్లల పళ్ళ ఆసుపత్రి ముందు గది, మధ్యాహ్నం మూడుంపావు. కౌంటరు వెనక కార్డులు చూసే ఆమె, కౌంటరు ముందు పిల్లవాడి తల్లి. మూలన పరిచిన చాప మీద ఇంకో పాప పక్కన అయిదేళ్ళ పిల్లవాడు ఒక అరచెయ్యి దవడకి ఆనించుకుని, రెండో చేత్తో చెక్క రైలు తోసుకుంటున్నాడు.

"కార్డు ఇంట్లో ఉండిపోయింది. తొందరలో వచ్చేశాం."

"ఇంట్లో ఉండిపోతే పర్లేదు, మా దగ్గర ఇంకోటుంటుంది. ఇదిగో. కానీ తోడు వచ్చే మనిషి అన్నచోట మీ పేరు లేదు. నానమ్మ గారి పేరుంది."

"పేరుదేముందండీ, కొట్టేసి నాది రాయండి."

"నేను కొట్టెయ్యడానికి లేదు. ఎవరి పేరుందో వాళ్ళొచ్చి సంతకం పెట్టాలి. అదిగో, బోర్డు మీద రాసుంది."

"బోర్డు చూశాను. చీమల బారులా ఉన్నాయి అక్షరాలు. ఎక్కడని చదవను, మీరే చెప్పండి."

"రోజుకి పదిసార్లు చెప్తాను, పదకొండోసారికేం. లోపలికి పిల్లాడితో ఒక్కరే రావాలి. మొదటిరోజు ఎవరొస్తే వాళ్ళ పేరే కార్డు మీద. ఇక ప్రతిసారీ వాళ్ళే. కాగితాల మీద సంతకం వాళ్ళదే, డబ్బు కట్టేది వాళ్ళే, రసీదు వాళ్ళ పేరు మీదే. రేపిస్తాం ఎల్లుండిస్తాం అంటే కుదరదు. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు వంతు పోయినట్టే. సగం ఫీజు మాత్రం కట్టాలి."

"ఇది ఆసుపత్రా, పరీక్ష హాలా?"

"డాక్టరు గారు పెట్టిన పద్ధతమ్మా. పిల్లలకి రోజుకో మొహం కనిపిస్తే రోజుకో పేచీ పెడతారు. ఒకే మనిషి పక్కన నిలబడితే అలవాటు పడతారు. ఎవరికైనా ఇంతే. మొన్నొకాయన వచ్చాడు, బ్యాంకు మేనేజరట. కార్డు వాళ్ళావిడ పేరు మీదుంది. ఆయన్నీ ఇక్కడే కూచోబెట్టాం. గంటసేపు ఏనుగు బొమ్మల పుస్తకం చదువుకున్నాడు పాపం."

"ఆయన తండ్రి. నేను తల్లిని."

"మొదటిరోజు మీరే రావాల్సింది మరి."

"రావాలని లేకనా? బట్టలు కుట్టే కంపెనీలో చేస్తానండీ. చొక్కాలకి కాజాలు కొట్టే మిషను నాది. పొద్దున్న ఎనిమిదికి కూచుంటే సాయంత్రం ఆరు. నేను లేచానంటే నా వెనక గుండీలు కుట్టే పిల్ల ఖాళీగా కూచుంటుంది, సూపర్‌వైజరు నా మీద పడతాడు. మీరు చూస్తే అదే ఆరింటికి తలుపులేసేస్తారు. ఆ రోజు మా అత్తయ్య, నేను తీసుకెళ్తాలే, నువ్వు పనికి పో, అంది. చూపించుకొస్తుందనుకున్నాను. పేరు రాయించుకొస్తుందనుకోలేదు."

"ఆవిడ రాయించుకోలేదమ్మా. నేనే అడిగి రాశాను."

"అడిగితే తల్లి పేరు చెప్పొచ్చుగా? వాడికి తల్లి ఉందండీ, సాయంత్రం వస్తుందండీ, అని ఒక్కమాట అనొచ్చుగా?"

"అన్నారో లేదో నాకు గుర్తులేదు."

"అనుండదు. నాకు తెలుసు."

"పిచ్చుకా, ఆ పాపకి కూడా ఒక పెట్టె ఇవ్వు నాన్నా. రైలంతా నీదేనా?"

"ఎవర్ని పిలిచారు?"

"మీ వాణ్ణే."

"వాడి పేరు అది కాదు."

"ఇక్కడ అదే. చూడండి, కార్డు మీద కూడా రాసేశాం. మొదటిరోజు కుర్చీ ఎక్కించి నోరు తెరువు నాన్నా అనగానే ఇంతేసి తెరిచాడు. నానమ్మ గారు చూసి, గూట్లో పిచ్చుకపిల్ల తెరిచినట్టు తెరిచావేంట్రా, అన్నారు. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికొచ్చేసింది. అప్పట్నుంచీ పిచ్చుకే."

"నాకెవరూ చెప్పలేదు."

"ఇంట్లో పిలవరా?"

"నేను లేనప్పుడు పిలుస్తుందేమో. నేను లేనప్పుడు చాలా జరుగుతాయి మా ఇంట్లో."

"పోనీలెండి. ఇవాళ ఎలా కుదిరింది మీకు?"

"పూట సెలవు పెట్టాను. జీతం కోస్తే కొయ్యనీ అని. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడండీ? మీరే కదా ఫోను చేసి చెప్పారట, ఇవాళ కూడా తెరవకపోతే ఇక ఇక్కడ చెయ్యలేమని."

"చెయ్యలేమని కాదమ్మా. డాక్టరు గారు ఏమన్నారంటే, మొదటి మూడుసార్లూ బంగారంలా కూచున్నాడు, రెండు పళ్ళు శుభ్రం చేసి నింపేశాం. అసలు పన్ను, ఆ కింది దవడ పన్ను మొదలుపెట్టే సమయానికి మూతి బిగించాడు. ఈ నెల్లో మూడుసార్లు తీసుకొచ్చారు, మూడుసార్లూ అదే పని. ఇవాళ నాలుగోది. ఇవాళ కూడా తెరవకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. అక్కడ మత్తిచ్చి పూర్తిగా పడుకోబెట్టి చేస్తారు."

"అదే నా భయం. అయిదేళ్ళవాడండీ. పడుకోబెట్టాక లేవకపోతే?"

"అలా ఏం కాదు. ఎంతమందికి చెయ్యడం లేదు."

"ఎంతమందికైనా చెయ్యనీయండి. వాడు నాకు ఒక్కడే. అందుకే చెప్తున్నాను, నన్ను లోపలికి పంపండి. నేను పక్కనుంటే తెరుస్తాడు."

"అలా ఎలా చెప్పగలరమ్మా? నానమ్మ గారు ఎంత బతిమాలారో. మా నర్సు బొమ్మలాడించింది. డాక్టరు గారు తనే నోరు తెరిచి చూపించారు. ఊహూ."

"నేనుంటే తెరుస్తాడు."

"అదే, ఎలా తెలుసంటున్నాను."

"తల్లిని. నాకు తెలీదా?"

"మీ నమ్మకం మీది. కానీ ఒక సంగతి చెప్తాను వినండి. వాడు మామూలు మొండితనం చెయ్యడం లేదు. మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి నాలుక, నాలుక అంటాడు. నాలుకకేమైందిరా అంటే చెప్పడు. ఎవరో ఏదో చెప్పి భయపెట్టారని డాక్టరు గారి అనుమానం. ఇలాంటివి ఇంట్లో అనొద్దని మేము మొదటిరోజే కాగితం ఇస్తాం. సూది, కోత, రక్తం, పీకడం, ఈ మాటలు ఇంట్లోనూ వద్దు, ఇక్కడా వద్దు అని."

"ఏ కాగితం? నా చేతికెవరూ ఇవ్వలేదు."

"నానమ్మ గారికిచ్చాం."

"ఇంకేం. అన్నీ ఆవిడకే."

"మరి మీ ఇంట్లో ఎవరైనా..."

"మా ఇంట్లో ఎవరున్నారండీ? మా ఆయన పొద్దున్న పోతే రాత్రికి. నేను సాయంత్రానికి. రోజంతా వాడి దగ్గరుండేది ఎవరు? మా అత్తయ్యకి కథలు చెప్పే అలవాటు. దయ్యాలు, రాక్షసులు, ఒకటని కాదు."

"ఆవిడా? ఆవిడ అలా కనపడరే."

"నేను ఆవిడే అనలేదు. కథలు చెప్తుందన్నాను."

"సరే. మూడూ ఇరవై అవుతోంది. మీ వంతు మూడున్నరకి. ఆవిడకి ఫోను చేస్తాను, వచ్చి సంతకం పెట్టేస్తే మీరే వెళ్ళొచ్చు."

"వద్దు, వద్దు."

"ఏం?"

"ఒంట్లో బాగాలేదు. మోకాళ్ళు. లేవలేకపోతోంది."

"మోకాళ్ళు నొప్పైతే ఫోను మాట్లాడలేరా? ఉండండి. ...హలో, నానమ్మ గారేనా? నేనండీ, పళ్ళాసుపత్రి నుంచి. బాగున్నాను. మోకాళ్ళెలా ఉన్నాయి? ...ఏం మోకాళ్ళంటే, అదే, మీవి. ...ఓహో, బాగానే ఉన్నాయా. లేదు లేదు, ఊరికే అడిగాను. ...ఆ, పిచ్చుక ఇక్కడే ఉన్నాడు. వాళ్ళమ్మ తీసుకొచ్చారు. ...అయిదింటికా? కాదండీ, మూడున్నరకి. ...ఎవరు చెప్పారు అయిదని? ...సరే, సరే. రెండు వీధులేగా, నిదానంగా రండి. మూడూ నలభై అయిదు లోపల వస్తే చాలు. పరిగెత్తకండి."

"ఏమంది?"

"వస్తున్నారు. అయిదింటికని మీరు చెప్పారటగా."

"పొరపాటున చెప్పుంటాను."

"మూడున్నరకీ అయిదుకీ..."

"చెప్పాలనే చెప్పాను. చాలా? ఆవిడొచ్చేసరికి పనైపోవాలనుకున్నాను. ఒక్కసారి. ఒకే ఒక్కసారి నా కొడుకు పక్కన నేను నిలబడాలనుకున్నాను. తప్పా?"

"తప్పని నేననలేదు. కూచోండి ముందు."

"కూచోను. కూచుంటే ఏడుపొస్తుంది. మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"ఎవరు చూస్తారు మీరిక్కడుంటే?"

"మా అమ్మ."

"మీ అమ్మ. అదే తేడా. మీ అమ్మ చూస్తే మీకు కోపం రాదు. నెల కిందట ఒక సాయంత్రం పని నుంచి వచ్చాను. వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని అడిగాను, ఈసారి పళ్ళ డాక్టరు దగ్గరికి నాతో వస్తావా నాన్నా అని. ఏమన్నాడో తెలుసా? నీకు కార్డు లేదుగా అమ్మా, అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నానమ్మకుంది, నీకు లేదు, అని చెయ్యి తిప్పి మరీ చూపించాడు."

"పిల్లాడమ్మా. వాడికేం తెలుసు."

"పిల్లాడే. పిల్లాడు కాబట్టే ఉన్నదున్నట్టు అన్నాడు. తొమ్మిది నెలలు మోసినదానికి కార్డెవరిస్తారండీ?"

"మీరేమన్నారు వాడితో?"

"ఎప్పుడు?"

"అప్పుడే. కార్డు లేదుగా అన్నప్పుడు."

"ఏమంటాను. ఏమీ అనలేదు. తిండి పెట్టి పడుకోబెట్టాను."

"అప్పుడే వచ్చి అడగాల్సింది మమ్మల్ని. ఆవిడా మీరూ కలిసి వచ్చుంటే అయిదు నిమిషాల పని."

"ఆవిడే పిలుస్తుందనుకున్నాను. వాడు మూతి బిగించాడని తెలిశాక, నావల్ల కావడం లేదే, నువ్వు రావే, అంటుందనుకున్నాను. ఒకసారి కాకపోతే రెండోసారి. రెండోసారి కాకపోతే మూడోసారి. అనలేదు. ఇంటికొచ్చి, ఇవాళా తెరవలేదు, అని చెప్పి గిన్నెలు కడుక్కుంటూ కూచుంది. నేను వెళ్ళి దేబిరించాలా?"

"దేబిరించడమేంటమ్మా, మీ పిల్లాడి కోసం."

"మీకు తెలీదండీ. పొద్దున్న వాడు కళ్ళు తెరవగానే నానమ్మా అంటాడు. స్నానం నానమ్మ పొయ్యాలి. చెప్పుల పట్టీ నానమ్మ వెయ్యాలి. ఆదివారం నేనుంటానా, ఆదివారం కూడా చెప్పులు తీసుకుని నన్ను దాటుకుని ఆవిడ దగ్గరికెళ్తాడు. ఇక్కడి రసీదులు చూడండి, ఇచ్చినవి ఇచ్చినట్టు గోడకి గుచ్చింది. తలుపు తియ్యగానే కనపడేలా. డబ్బేమో నా కాజాలది, పేరేమో ఆవిడది."

"రసీదు మా పద్ధతి. ఆవిడ తప్పు కాదు."

"మీరందరూ ఆవిడ పక్షమే. తెలుస్తూనే ఉంది."

తలుపు తోసుకుని నానమ్మ లోపలికి వచ్చింది. గోడ గడియారంలో మూడూ ముప్పై ఆరు.

"వచ్చాను, వచ్చాను. దాటిపోలేదు కదా తల్లీ?"

"ఇంకా తొమ్మిది నిమిషాలుంది నానమ్మ గారూ. కూచోండి, ఆయాసపడుతున్నారు. నీళ్ళిమ్మంటారా?"

"నీళ్ళకేం, తర్వాత. వాడేడీ? పిచ్చుకా, ఇలా రా. ఏదీ, దవడ చూడనీ. ...సరే, సరే, ముట్టుకోను. నువ్వు రైలు తోసుకో."

"అత్తయ్యా, మీరెందుకు ఎండలో పడి వచ్చారు?"

"అయిదింటికన్నావు."

"ఆ."

"మూడున్నరట."

"పని తొందరలో ఏదో చెప్పుంటాను."

"సరేలే."

"సరేలే అని మీరంటే నాకు భయమేస్తుంది. తిట్టాలనుంటే తిట్టండి."

"ఇక్కడ తిట్టుకోకూడదు. బోర్డు మీద రాసుంది. నా మోకాళ్ళకేమైందట?"

"నానమ్మ గారూ, ముందు ఈ సంగతి తేల్చండి. మీ కోడలు గారు ఇవాళ లోపలికి వెళ్తారట. పేరు మార్చాలంటే మీ సంతకం కావాలి."

"మార్చడమెందుకు? నేనొచ్చాను కదా."

"అదిగో. చూశారా, అదే నేనన్నది."

"ఏమన్నావు?"

"మీరు వదలరని."

"వదలడానికి అదేమన్నా ఆస్తా? గంటసేపు వాడి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడాలి. ఆ దీపం కళ్ళల్లో కొడుతుంది. వాడు తన్నితే తన్నించుకోవాలి. నడుం పడిపోతుంది."

"ఆ చెప్పులు నేను పట్టుకుంటాను. నన్ను తన్ననీయండి."

"నువ్వు పనిలో అలిసిపోయి..."

"నా అలుపు సంగతి మీకెందుకు? రోజూ ఇదే మాట. అలిసిపోయావు, కూచో, నేను పెడతాను వాడికి. అలిసిపోయావు, పడుకో, నా పక్కన పడుకుంటాడు వాడు. అలా అనీ అనీ వాణ్ణి మీ గదిలోకి తీసేసుకున్నారు."

"తీసేసుకున్నానా?"

"కాదా?"

"నువ్వు పనిలో చేరిన రోజు ఏమన్నావు? అత్తయ్యా, మీరుంటే నాకు వాడి మీద బెంగలేదు, అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను. బెంగలేదన్నాను. కొడుకక్కర్లేదన్నానా?"

"అమ్మా, కొంచెం గొంతు తగ్గించండి. పిల్లాడు చూస్తున్నాడు."

"చూడనీయండి. వాడికీ తెలియాలి. రసీదులు గోడకి గుచ్చుకోవడమెందుకు అత్తయ్యా, అది చెప్పండి. వచ్చినవాళ్ళంతా చూసి, ఆహా, మనవణ్ణి ఈవిడే చూసుకుంటోంది, తల్లికి పట్టదు, అనుకోవడానికేగా?"

"కాదు."

"మరి?"

"ఇంటి కాగితం మీద మీ మామయ్య పేరు. కరెంటు బిల్లు మీద మీ ఆయన పేరు. డబ్బా మీద, గిన్నె మీద కూడా మా అత్తగారి పేరే కొట్టించి ఉంది. నా పేరు అచ్చులో ఎక్కడా చూసుకోలేదు నేను. చూస్తే బాగుందనిపించింది. గుచ్చాను."

"అందుకా గుచ్చారు?"

"తీసేస్తాలే ఇంటికెళ్ళాక."

"తీసెయ్యమని నేననలేదు."

"ఆరు నిమిషాలుందమ్మా. తొందరగా తేల్చుకోండి. నానమ్మ గారూ, ఇంకో మాట. ఏమీ అనుకోకండి, డాక్టరు గారు అడగమన్నారు. వాడు నాలుక, నాలుక అంటున్నాడు కదా. మీరు ఎప్పుడైనా ఏ కథలోనైనా అలాంటిదేమన్నా..."

"కథలోనా? కథలని ఎవరన్నారు?"

"అదీ..."

"మీరు కథలు చెప్తారన్నాను అత్తయ్యా. అంతే. అంతకన్నా నేనేమీ అనలేదు."

"ఓహో."

"చెప్పరా మీరు? చెప్తారుగా?"

"చెప్తాను. ఎందుకు చెప్పను. నాలుక సంగతి కూడా చెప్పే ఉంటాను."

"మీరా నానమ్మ గారూ?"

"ముసలిదాన్ని తల్లీ. వాగుతూ ఉంటాను. డాక్టరు గారు అడిగితే నానమ్మే చెప్పిందట అను. ఆయన నన్నేమీ అనరు."

"నేను నమ్మలేకపోతున్నాను. కాగితం కూడా ఇచ్చాం మీకు."

"ఇచ్చారు. కళ్ళజోడు లేదు ఆ రోజు."

"చూశారా అండీ. ఆవిడే ఒప్పుకుంది. నేను చెప్తే మీరు నమ్మలేదు."

"నమ్మానమ్మా, నమ్మాను. ఇప్పుడు ఎవరు చెప్పారన్నది కాదు, వాడు తెరవాలి. అది ముఖ్యం."

"ఇవాళ తెరవకపోతే ఏం చేస్తామన్నారు తల్లీ?"

"ఫోనులో చెప్పాను కదా. పెద్దాసుపత్రి. మత్తు."

"ఒక వారం ఆగితే కుదరదా? ఇంకొక్కసారి నేను..."

"ఆగడానికి లేదండీ. పన్ను కింద చీము చేరేలా ఉందన్నారు. దవడ చూడండి, పోయినసారికీ ఇప్పటికీ ఎంత ఉబ్బిందో. నిన్న వాడేమన్నా తిన్నాడా?"

"నీళ్ళు తాగాడు. నీళ్ళు కూడా ఈ పక్కనుంచే. తల వంచుకుని."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు వచ్చేసరికి పడుకున్నాడు."

"లేపొచ్చుగా. నాకు చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు. ...సంతకం ఎక్కడ పెట్టాలి తల్లీ?"

"ఏంటండీ?"

"పేరు మార్పుకి. పెన్నివ్వు."

"నిజంగానా అత్తయ్యా?"

"మూడూ నలభై. పెన్నివ్వు తల్లీ, మళ్ళీ మనసు మారుతుంది."

"ఇక్కడండీ. మీ పేరు, పక్కన సంతకం. ఆ, అంతే. ఇప్పుడు కింద కొత్త మనిషి పేరు. మీరు రాయాలమ్మా."

"గడి చిన్నదిగా ఉందండీ. నా అక్షరాలు పట్టవు."

"బయటికొచ్చినా పర్లేదు. రాయండి. దాని పక్కన చుట్టరికం."

"తల్లి అని రాస్తే చాలా?"

"చాలు."

"తల్లి. రాశాను. సరిగ్గా ఉందా చూడండి."

"ఉంది. ఇది ఒప్పుకోలు కాగితం, ఇక్కడ కూడా సంతకం. ఇవాళ్టి డబ్బు కట్టేస్తారా, బయటికొచ్చాక కడతారా?"

"ఇప్పుడే కడతాను. ఇదిగో. రసీదు నా పేరు మీదే కదా?"

"మీ పేరు మీదే. ఇదిగో."

"ఇలా ఇవ్వండి. ...అత్తయ్యా, చూడండి, బాగా పడింది అచ్చు."

"బాగుంది."

"పిచ్చుక వంతు వచ్చింది. తోడెవరండీ?"

"నేను నర్సు గారూ. తల్లిని. ఈ క్షణమే వస్తున్నాను. నాన్నా, రైలు అక్కడ పెట్టెయ్యి. చెప్పులు అమ్మకివ్వు. కాదు, నానమ్మకి కాదు, అమ్మకి. ...అత్తయ్యా, మీరిక్కడ కూచోండి. బొమ్మల పుస్తకాలున్నాయి, కాలక్షేపమవుతుంది. అయిపోయాక నేనే వచ్చి పిలుస్తాను."

"ఒక్కమాట. ఇలా పక్కకి రా."

"వాళ్ళు పిలుస్తున్నారు."

"పిలవనీ. నర్సు వాణ్ణి కుర్చీ ఎక్కించేలోపు అయిపోతుంది. ఆ కౌంటరు పిల్లకి వినపడకుండా చెప్తాను. లోపలికెళ్ళాక వాడితో ఏం చెప్తావు?"

"ఏం చెప్తాను, నోరు తెరువు నాన్నా, అమ్మ ఇక్కడే ఉంది, అంటాను."

"అది చాలదు. నాలుక ఎవరూ తియ్యరు, అదంతా ఉత్తిది, అని చెప్పు. నీ నోటితో చెప్పు."

"మీరు చెప్పినదానికి నేనెందుకు చెప్పడం?"

"నేను చెప్పానా?"

"ఇప్పుడే కదా ఒప్పుకున్నారు. ఆవిడ ముందు."

"ఆవిడ ముందు నీ మొహం చిన్నబోతుందని ఒప్పుకున్నాను. అమ్మ పక్కన లేకుండా నోరు తెరిస్తే నాలుక కోసేస్తారని వాడికి చెప్పింది నువ్వు."

"అత్తయ్యా."

"కార్డు లేదుగా అమ్మా అన్నాడట, అప్పుడు చెప్పావట. మర్నాడు పొద్దున్న స్నానం చేయిస్తుంటే వాడే చెప్పాడు నాకు. నెలైంది."

"నేను... వాడు నన్ను పిలవాలని. లోపల్నుంచి అమ్మా అని ఒక్కసారి గట్టిగా పిలిస్తే చాలని. ఇంతవరకూ వస్తుందనుకోలేదు. నెలైందా? నెల నుంచీ మీకు తెలుసా? తెలిసీ నన్నొక్క మాటనలేదా మీరు?"

"అనలేదు."

"ఎంత ఓర్పు అత్తయ్యా మీకు."

"ఓర్పూ లేదు, ఏమీ లేదు. నువ్వు పక్కనుంటే తెరుస్తాడని ఆ రోజు నుంచీ నాకు తెలుసు. నెల్లో ఏ పూట నిన్ను తీసుకొచ్చి ఈ సంతకం పెట్టినా వాడి నొప్పి ఆ పూటే పోయేది. పెట్టబుద్ధి కాలేదు."